పేరు లేని దీక్ష

తాయారును చంపింది ఆమె తమ్ముడు వెంకట్రామ్. పురసవాక్కంలో తక్కువ ధరకు ఒళ్లంతా పరీక్షలు చేస్తున్నారని అక్కను వెంటబెట్టుకుపోయి రక్తం తీయించాడు. అంతవరకూ నిక్షేపంగా ఇంటిపని చేసుకుంటున్న మనిషి రక్తంలో ఏదో కనబడింది. అక్కడ మొదలైన సూదులు కాటికి పంపేదాకా ఆగలేదు. జబ్బు ముందే ముదిరిందని డాక్టర్లు చెప్పారు. కొడుకు శ్యామ్ కూడా అదే చెప్పాడు. తాయారు భర్త రంగనాథం చెవిన పెట్టలేదు. రక్తం తీయకపోయి ఉంటే తాయారు ఉండేది, అంతే. నాలుగేళ్లుగా ఆయన బావమరిది ముఖం చూడలేదు, పరీక్షల గది గుమ్మం తొక్కలేదు. చక్కెర ఉందేమో చూపించుకోమని కొడుకు పోరితే, "ఉంటే ఉండనీ. నాతోనే పోతుంది" అనేవాడు.

జార్జి టౌన్‌లో, తోపుడు బండి వస్తే మనిషి గోడకు అతుక్కోవలసిన సందులో ఆయనది గోనెసంచుల గోడౌను. వాడేసిన సంచులు కొంటాడు, దులిపిస్తాడు, చిరుగులు కుట్టిస్తాడు, మూటలు కట్టి మిల్లులకు అమ్ముతాడు. ఊత్తుకోట పక్క పల్లెలో ఐదో తరగతితో పలక పక్కన పెట్టి ఈ సందులోకి కూలికి వచ్చిన మనిషి. సొంత గోడౌను పెట్టి ముదలాళి అయ్యాక కూడా దబ్బనం వదల్లేదు. తాయారు పోయాక అసలే వదల్లేదు. చేతులు ఖాళీగా ఉంటే తల ఊరుకోదు.

పెద్ద మూట కుట్టడానికి ఇద్దరు కావాలి. అటొకరు ఇటొకరు కూర్చుంటారు. ఒకడు తన వైపు నుంచి దబ్బనాన్ని గుచ్చి తోస్తాడు. అవతలివాడు మొన పట్టుకుని లాగి మళ్లీ తన వైపు నుంచి తోస్తాడు. మాట అక్కర్లేదు, ఎదుటి చెయ్యి తెలిస్తే చాలు. రంగనాథానికి ఎదురుగా ఎన్నో ఏళ్లుగా కూర్చుంటున్నవాడు కోదండరాం. తొండియార్‌పేట మనిషి, పెళ్లాం పోయినవాడే. ఇద్దరూ రోజంతా నాలుగు మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం వాన దంచుతుంటే కరెంటు పోయింది. దీపం వచ్చేదాకా ఆగుదామని కోదండరాం అన్నాడు. లారీ ఆగదని రంగనాథం అన్నాడు. కోదండరాం ఎడమచేత్తో సంచి మూతిని అదిమి పట్టి కుడిచేత్తో తోశాడు. ఆ మసక చీకట్లో దబ్బనం ముందు వాడి ఎడమచేతి కండలో దిగి, ఆ ఊపులోనే సంచిని దాటి, అవతల మొన కోసం తడుముకుంటున్న రంగనాథం బొటనవేలిలో దిగింది.

ఇలాంటివి గోడౌనులో మామూలే. రంగనాథం వేలు నోట్లో పెట్టుకోబోయాడు. కోదండరాం మూట మీది నుంచి దూకి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"నోట్లో పెట్టుకోవద్దు! పిండొద్దు! కొళాయి కాడికి రా ముదలాళీ, రా!"

"ఏందిరా? పామేమన్నా కరిచిందా?"

కోదండరాం ఆయన్ని లాక్కుపోయాడు. వేలిని కొళాయి కింద పెట్టి సబ్బుతో కడుగుతూనే ఉన్నాడు. వాడి చేతి రక్తం వాడి మోచేతి మీదుగా కారుతోంది, దాన్ని మాత్రం తుడుచుకోలేదు, ఆయన చేతికి తగలకుండా దూరంగా పట్టుకున్నాడు. కూలీలు సామాను సర్దుకుని వెళ్లిపోయేదాకా ఆగి, తలుపు దగ్గరగా వేసి చెప్పాడు.

"నాకు హెచ్చైవీ ఉంది ముదలాళీ. తొమ్మిదేండ్లయింది. ఇప్పుడే పెద్దాస్పత్రికి పోదాం. మూడు దినాల్లోపల మాత్రలు మొదలుపెడితే రాకుండా ఆపేస్తారు. పొయ్యేది మేలు. నేను కూడా వస్తా."

రంగనాథం తడి చేతిని పక్కనున్న గోనెసంచికి తుడుచుకున్నాడు.

"తొమ్మిదేండ్లుగా నా ఎదురుగా కూర్చుని కుడతా ఉండావు."

"ఎవురికీ ఏం కాలేదు గదా. నేను జాగర్తగానే..."

"ఏ కొంపకు పోయి తెచ్చుకున్నావురా?"

"ఎట్ట వచ్చిందో అడగొద్దు. వచ్చింది. ఇప్పుడు నీ సంగతి చూడాల. లేయి."

"నువ్వు లేయి. బైటికి నడువు. రేపట్నుంచి ఈ సందులో కనబడితే కాళ్లిరగ్గొడతా."

"సెరి. రాను. ఆస్పత్రికి మాత్రం పో."

"పోరా!"

కోదండరాం చెప్పులేసుకుని వానలోకి వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర ఒకసారి తిరిగి, "మూడు దినాలు, మరిచిపోవద్దు" అన్నాడు. రంగనాథం చేతికి దొరికిన పురికొస ఉండ వాడి మీదికి విసిరాడు.

ఆ మూడు రోజులూ కోపమే. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చున్నవాడు దాచాడన్న కోపం. కోపం ఉన్నంతసేపు భయానికి చోటు దొరకలేదు. పైగా ఆస్పత్రి అంటే రక్తం తీస్తారు. తీస్తే ఏదో ఒకటి కనబడుతుంది. కనబడితే అక్కడితో సరి. ఆ గడువు దాటిన మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటుంటే ఉమ్మిలో ఎర్రగా కనబడింది. చిగుళ్లు ఎప్పుడూ కారేవే. కానీ ఆ పూట ఆయన తొట్టి ముందు నిలబడి, నీళ్లు పోసి, రుద్ది, మళ్లీ నీళ్లు పోశాడు. అదే తొట్టిలో మనవరాలి పాలసీసా కడుగుతారు.

అప్పుడు మొదలైంది భయం.

మనవరాలు ప్రణతి అప్పటికి నాలుగు నెలల పిల్ల. నెలలు నిండకుండా పుట్టి, కొన్నాళ్లు గాజుపెట్టెలో ఉండి బతికి బట్టకట్టింది. తాయారు పోయాక ఆ ఇంట్లో ఆయన తనంతట తాను చెయ్యి చాచి ముట్టుకున్నది ఆ పిల్లనొక్కదాన్నే. పొద్దున్నే తాత పొట్ట మీద బోర్లా పడుకోకపోతే పిల్ల రాగం తీసేది. ఆ పొద్దున రాగం తీసింది. రంగనాథం చొక్కా తొడుక్కుని గోడౌనుకు అని చెప్పి బయటపడ్డాడు. గోడౌనుకు వెళ్లలేదు.

సర్కారు ఆస్పత్రిలో హెచ్చైవీ పరీక్షల గది ఎక్కడని ఎవరినీ అడగలేక రెండుసార్లు ఆవరణ అంతా తిరిగాడు. పళ్ల డాక్టరు వరసలో కాసేపు నిలబడ్డాడు, కంటి డాక్టరు వరసలో కాసేపు నిలబడ్డాడు. చివరికి గది దొరికింది. గుమ్మం దగ్గర కూర్చున్నామె పేరు అడిగింది. సొంత పేరు నోట రాలేదు.

"వెంకట్రామ్" అన్నాడు.

ఆ పేరు చెప్పినందుకు లోపల కాస్త చల్లగా అనిపించింది. బల్ల మీద కూర్చున్నాక లోపలి నుంచి "వెంకట్రామ్!" అని పిలిచారు. రంగనాథం ఉలిక్కిపడి ఆ వెధవ ఇక్కడికీ వచ్చాడా అని వెనక్కి చూశాడు. మళ్లీ పిలిచారు. మూడోసారి గుమ్మం దగ్గరామె స్వయంగా వచ్చి, "ఏమయ్యా, నీ పేరు నీకే తెలీదా?" అని తమిళంలో అరిచింది. బల్ల మీద వాళ్లు నవ్వారు.

లోపల కౌన్సెలరు పేరు శ్రుతి. ఆయన తమిళం రెండు ముక్కలు వినగానే తెలుగులోకి దిగింది.

"మీరు మనవాళ్లేనా? కూర్చోండి పెద్దాయనా. అడగాల గాబట్టి అడుగుతా ఉండా, కోపం చేసుకోవద్దు. భార్య కాకుండా వేరే ఎవురితోనైనా..."

"నా భార్య చచ్చి నాలుగేండ్లయింది."

"అందుకే అడుగుతా ఉండా."

రంగనాథం లేచి నిలబడ్డాడు. ఆమె కదల్లేదు. కుర్చీ వైపు చూపించింది. ఆయన కూర్చుని, వేలు చూపించి, దబ్బనం అన్నాడు. ఆమెకు ఆ మాట తెలియలేదు. తమిళంలో కోణి ఊసి అన్నాడు. సంచులు కుట్టేదా అని ఆమె తల ఊపింది.

"ఎన్నాళ్లయింది?"

చెప్పాడు.

"అయ్యో. మూడు దినాల్లోపల వచ్చుంటే మాత్రలు ఇచ్చేవాళ్లం. ఇప్పుడు లాభం లేదు. సరే, అయిపోయిందాన్ని గురించి వద్దు. ఆ మనిషికి ఉందని ఎట్ట తెలిసింది?"

"వాడే చెప్పినాడు."

"చెప్పినాడా? అది చాలా గొప్ప, పెద్దాయనా. దాచేవాళ్లే ఎక్కువ. ఆయన దినమూ మాత్రలు వేసుకుంటాడా?"

"నాకేం తెలుసు."

"అడగండి. మాత్రలు సరిగ్గా వేసుకునేవాళ్ల నెత్తుట్లో ఆ క్రిమి కనబడనంత తగ్గిపోతుంది. దాంతో మీకు వచ్చేది ఇంకా తక్కువ. మామూలుగానే దబ్బనంతో రావడం చాలా అరుదు, అది గొట్టం సూది కాదు గదా. ఆ ఒక్క మాట అడిగితే మీ భయం సగం పోతుంది."

"వాణ్ణి నేను అడగను."

శ్రుతి ఆయన ముఖం చూసి మరి అడగలేదు. రక్తం తీయించింది. కాసేపటికి పిలిచి, ఏమీ లేదని చెప్పింది. ఆయన లేవబోతే ఆపింది.

"ఇప్పుడు లేదంటే మీకు ముందునుంచీ లేదని మాత్రమే. దబ్బనం సంగతి ఇందులో తెలియదు. ఆరు వారాలకు ఒకసారి రండి. మూడు నెలలకు ఇంకోసారి. అప్పుడు లేదంటే ఇంక లేనట్టే. అంతదాకా ఇంట్లో మామూలుగా ఉండండి. ముట్టుకుంటే రాదు. కలిసి తింటే రాదు. షేవింగు బ్లేడు మాత్రం వేరే పెట్టుకోండి, అది ఎవురైనా చేయాల్సిందే."

"పసిబిడ్డ ఉంటే?"

"ఎత్తుకోండి. ముద్దు పెట్టుకోండి. ఏం కాదు."

"నీకు బిడ్డలుండారా?"

"ఇద్దరు."

"ఈడికి వచ్చేవాళ్ల చేతుల్లో పెడతావా?"

"పెడతా."

రంగనాథం నమ్మలేదు. జీతం తీసుకునే మనిషి అలాగే చెబుతుంది. తాయారుకు కూడా ఏం కాదనే చెప్పారు.

ఆ సాయంత్రం ఆయన పురసవాక్కంలో ఒక స్టీలు పళ్లెం, ఒక లోటా, ఒక చాప, ఒక తువ్వాలు కొన్నాడు. తువ్వాలు చవకలో దొరికింది కాషాయం రంగుదే. గడ్డం గీసుకోవడం మానేశాడు. వేరు బ్లేడు పెట్టుకోవచ్చు, కానీ ఇంట్లో బ్లేడు ఉండటమే ఇష్టం లేకపోయింది. తన పళ్లెం తనే కడిగాడు. బట్టలు తనే ఉతుక్కున్నాడు. వసారాలో చాప వేసుకున్నాడు. పిల్ల రాగం తీస్తే కాషాయం తువ్వాలు తల మీద కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కోడలు శ్రీప్రియ మొదట తన వంట మీద కోపమనుకుంది. పులుసులో చింతపండు తగ్గించింది. తర్వాత పెంచింది. పళ్లెం ఆయనే కడుక్కుంటూనే ఉన్నాడు.

"మీ నాయనకు ఏమైంది? నేనేమన్నా అన్నానా?" అని శ్యామ్‌ను నిలదీసింది.

"అమ్మ పోయినప్పుడు కూడా ఇట్టే ఉన్నాడు గదా."

"అప్పుడు బిడ్డ లేదు. బిడ్డ ఏం చేసింది ఆయన్ని?"

జవాబు పక్కవాటా కమలాంబ చెప్పింది. అరవై దాటిన మనిషి. ఆ మేడలో ఎవరు ఏ శనివారం ఎవరికి మొక్కుకున్నారో ఆమెకు తెలియకుండా జరగదు. వసారాలో చాపను, కాషాయం తువ్వాలును, మాసిన గడ్డాన్ని ఒక్క చూపులో కొలిచి వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"పిచ్చిదానా. మీ మామ దీక్షలో ఉండాడు."

"దీక్షా? మాలేది పెద్దమ్మా?"

"మాల లేనిదే కష్టం. ఎవురికి మొక్కినాడో చెప్పకూడదు. చెప్తే ఫలం పోతుంది. మా మామగారు ఒకటి పట్టినాడు, పోయేదాకా నోరిప్పలే. నెలలు నిండని బిడ్డ బతికింది గదా, మొక్కుంటాడు. అందుకే బిడ్డను ముట్టుకోడు. దేనికోసం మొక్కినామో దాన్ని ముట్టుకుంటే కట్టు తెగుతుంది."

శ్రీప్రియ పొయ్యి ఆపేసి వసారాలోకి వచ్చింది. ఆమె కళ్లు నిండి ఉన్నాయి.

"నేను ఏమేమో అనుకున్నా మామయ్యా. మన్నించండి" అని కాళ్లకు దణ్ణం పెట్టింది.

రంగనాథానికి ఏమీ అర్థం కాలేదు. కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"చెప్పొద్దు. ఏమీ చెప్పొద్దు" అని కమలాంబ గుమ్మంలోంచి చెయ్యి ఊపింది. "దీక్షకు భంగం."

అప్పుడు అర్థమైంది. ఆయన నోరు తెరిచాడు. కాదని చెబితే మరి ఏమిటని అడుగుతారు. నోరు మూసుకున్నాడు.

వారం తిరగకముందే ఆ మాట మేడ దాటి గోడౌను సందంతా పాకింది. లారీలకు మూటలు ఎక్కించే కార్తీ, రోజుకు పదిసార్లు ఆయన చేత తిట్లు తినేవాడు, నెత్తి మీది మూట దించి మరీ చేతులు జోడించాడు.

"సామీ, శరణం."

"నీ శరణం తగలెయ్య! మూట తడుస్తా ఉంది, ఎక్కించు."

"తిట్టు సామీ, తిట్టు. దీక్షలో ఉండేవాళ్లు తిడితే మంచిదే" అని వాడు నవ్వుతూ ఎక్కించాడు.

టీ కొట్టువాడు అడగకుండానే వేరు గ్లాసు పెట్టి, దాని మీద పసుపు రాసి, ఎవరినీ ముట్టనివ్వలేదు. ఏ గ్లాసు గురించి రంగనాథం వారం రోజులుగా లోలోపల కుమిలిపోతున్నాడో అది దానంతట అదే వేరుపడింది. తాయారు పోయిన రోజు నుంచి దేవుడి గదిలోకి తొంగిచూడని మనిషికి సందులో దారి వదులుతున్నారు. ఆయన ఎవరి ముఖమూ చూడకుండా నడిచేవాడు. ఎంత ముడుచుకుపోతే అంత నిష్ఠ అన్నారు.

రోజులు గడవలేదు. ఒళ్లు కాస్త వెచ్చబడితే జ్వరమా అని చంకలో చెయ్యి పెట్టుకునేవాడు. దగ్గు వస్తే ఊపిరి బిగబట్టి వినేవాడు. బొటనవేలి మీద మచ్చ కూడా మిగల్లేదు, అయినా దీపం దగ్గర పెట్టి గోరు కింద చూసుకునేవాడు. గోడౌనులో ఎదురుగా కూర్చోబెట్టుకోవడానికి ఎవరూ కుదరలేదు. ఒకడు తొందరగా తోస్తాడు, ఒకడు వంకరగా తోస్తాడు. మూడుసార్లు తొండియార్‌పేట బస్సు ఎక్కాడు. రెండుసార్లు మధ్యలో దిగిపోయాడు. మూడోసారి కోదండరాం వీధి మొదలు దాకా వెళ్లి, కిళ్లీ కొట్టు దగ్గర సోడా తాగి తిరిగివచ్చాడు. మాత్రలు వేసుకుంటున్నావా అని ఒక్క మాట అడగాలి. తను వెళ్లగొట్టినవాడి గుమ్మంలో నిలబడి అడగాలి. అదే కుదరలేదు.

ఆరు వారాల పరీక్షలో ఏమీ లేదన్నారు. "ఇంక చాలావరకు లేనట్టే పెద్దాయనా, నిమ్మళంగా ఉండండి. ఆ చివరిదొక్కటి చూసుకుందాం" అంది శ్రుతి. ఆయనకు చాలావరకు అన్న మాటే చెవిలో మిగిలింది.

ఇంట్లో అన్నప్రాశన మాట వచ్చింది. ఆడపిల్లకు బేసి నెలలో పెట్టాలి. ఐదో నెలలో పెడదామంటే రంగనాథం వద్దన్నాడు. ఎందుకని శ్యామ్ అడిగాడు. కమలాంబే అందుకుంది.

"దీక్ష ముగియొద్దా? ముగిసినాక ఆ చేత్తోనే తొలి ముద్ద పెట్టాల. ఎప్పుడు ముగుస్తుంది సామీ? అదొక్కటి చెప్పొచ్చు, తప్పులేదు."

"మాసి నెలలో" అన్నాడు రంగనాథం. మొదటిసారి ఆయనే ఆ అబద్ధంలోకి కాలు పెట్టాడు.

"అయితే ఏడో నెల. సరిపోయింది."

తొలి ముద్ద తనే పెట్టాలి. ఉప్పు లేని నేతి అన్నం, ఉంగరపు వేలితో తీసి, పిల్ల నాలుక మీద రాయాలి. ఆ వేలు ఆయన కలలోకి వచ్చేది.

మాసి రావడానికి ఇంకా కొన్నాళ్లుండగా అది జరిగింది. శ్రీప్రియ స్నానానికి వెళ్తూ పిల్లను వసారాలో గుడ్డ మీద పడుకోబెట్టింది. రంగనాథం మిల్లువాడితో ఫోనులో గొడవపడుతున్నాడు. పిల్ల బోర్లాపడి, పాకి, చాప అంచు మీద ఆనించి ఉన్న ఆయన చేతిని దొరకబుచ్చుకుని బొటనవేలు నోట్లో పెట్టుకుంది. చిగుళ్లతో కొరికినట్టు కాదు, చురుక్కుమంది. పిల్లకు కింది పన్ను వచ్చిన సంగతి ఆయనకు తెలియదు. ఎత్తుకుంటే కదా తెలిసేది.

వేలు ఒక్క లాగు లాగాడు. పిల్ల మూతి నేలకు తగిలి కెవ్వుమంది. శ్రీప్రియ తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది మామయ్యా?"

"నెత్తురేమన్నా ఉందా చూడు! దాని నోట్లో చూడు!"

"పెదవి కొంచెం చిట్లింది. అంతే, ఏం లేదు."

రంగనాథం తన వేలు చూసుకున్నాడు. చర్మం మీద పంటి గుర్తు ఉంది, రక్తం లేదు. ఉందేమో, పిల్ల మింగిందేమో. ఫోనులో మిల్లువాడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. ఆయన చొక్కా కూడా తొడుక్కోకుండా కాషాయం తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఆటోవాడు ఆ వేషం చూసి గుడికా అని అడిగాడు. ఆస్పత్రికి అన్నాడు.

శ్రుతి గదిలో ఎవరో ఉన్నారు. ఆయన తోసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

"బిడ్డ కొరికింది. ఆ వేలే. లాగేస్తే దాని మూతి నేలకు కొట్టుకుని పెదవి చిట్లింది. దానికి కూడా పరీక్ష చేయాల."

ఆమె లోపలున్న మనిషిని క్షమించమని అడిగి బయటికి పంపి, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. నాలుగేళ్లలో ఆయన చెయ్యి ఇంకొకరు అలా పట్టుకోలేదు.

"చర్మం తెగలేదు. మీకు జబ్బు ఉందని ఎవురూ చెప్పలేదు. బిడ్డకు పరీక్ష ఎందుకు?"

"ఉంటే?"

"ఉన్నా ఇట్ట రాదు, పెద్దాయనా. ఎన్నిసార్లు చెప్పేది? మీరు వస్తుందేమోననే భయంతోనే ఇప్పుడు దాని మూతి పగలగొట్టినారు."

ఎవరూ ఆయనతో అలా మాట్లాడరు. తాయారు మాట్లాడేది.

"వారంలో మూడు నెలలు నిండుతాయి. సోమవారం రండి. అదే చివరిది" అంది శ్రుతి.

సోమవారం బల్ల మీద కూర్చున్నాడు. రక్తం తీశారు, బయట ఉండమన్నారు. ముందున్నవాళ్లను ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. ఎవరి ముఖం చూసినా వాళ్లకేం చెప్పారో చదవాలని ప్రయత్నించాడు. ఏమీ తెలియలేదు. నవ్వుతూ వచ్చినవాడు గేటు దగ్గర కూర్చుని ఏడ్చాడు.

పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చూడకుండానే తెలిసింది. గోనె పీచు వాసన.

"నువ్వెందుకొచ్చినావు?"

"ఇయ్యాళ నా మాత్రల దినం. ఆ చివరి గదిలో ఇస్తారు" అన్నాడు కోదండరాం. ఆయన గడ్డాన్ని, తువ్వాలును చూశాడు. "దీక్షని చెప్పినాడు కార్తీ. నాకు అర్థమైంది."

"వాడికేమన్నా చెప్పినావా?"

"నేనెందుకు చెప్తా?"

రంగనాథం గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"మాత్రలు... తప్పకుండా వేసుకుంటావా?"

కోదండరాం తల తిప్పి ఆయన్ని చూశాడు.

"ఒక్క పూట తప్పలే. నాలుగైదేండ్లుగా నెత్తుట్లో అది కనబడటమే లేదు. ఆ దినమే చెప్పేవాణ్ణి. నువ్వు పురికొస ఉండ విసిరినావు."

మూడు నెలలు. తొండియార్‌పేట బస్సు మూడుసార్లు ఎక్కాడు. ఒక్క మాట కోసం.

"వెంకట్రామ్!" అని లోపలి నుంచి పిలిచారు. ఈసారి రంగనాథం మొదటి పిలుపుకే లేచాడు. కోదండరాం ఆ పేరు విని నవ్వు ఆపుకున్నాడు.

శ్రుతి కూర్చోమనలేదు. "లేదు. అయిపోయింది. ఇంటికి పోయి బిడ్డను ఎత్తుకోండి" అంది. అంతే. ఆయన మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఇంకోసారి రక్తం తీసి చూస్తారా అని ఆయనే అడిగాడు. అక్కర్లేదంటే, అయినా తీయమన్నాడు. ఆమె ఆయన భుజం పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చి వదిలింది.

బల్ల దగ్గర కోదండరాం మాత్రల సంచితో నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం చూసి విషయం గ్రహించాడు. "మంచిది" అన్నాడు.

"రేపు గోడౌనుకు రా" అన్నాడు రంగనాథం.

"రాను ముదలాళీ."

"ఎందుకు రావు? వేరే ఎవురూ సరిగ్గా తొయ్యడం లేదు."

"తొండియార్‌పేటలో ఒక గోడౌనులో కుదిరినా. నా దబ్బనం నాకే. చిన్న మూటలు, ఒక్కణ్ణే కుడతా."

"ఆడ నీ సంగతి తెలుసా?"

"తెలీదు. చెప్పను" అన్నాడు కోదండరాం. గొంతులో కోపం లేదు. "నీ కాడ చెప్పినా గదా. చెప్తే ఏమవుతుందో చూసినా. ఇంక ఎవురికీ చెప్పను."

తప్పు తనదని రంగనాథం అనుకోలేదు. తొమ్మిదేళ్లు దాచినవాడు తప్పు చేయలేదా? అనుకోలేదు, కానీ గేటు దాకా వాడి పక్కనే నడిచాడు. గేటు దగ్గర వాడు బస్సుల వైపు తిరిగాడు. పిలవాలనిపించింది. పిలవలేదు. వాడు కూడా వెనక్కి చూడలేదు.

తిన్నగా మంగలి దగ్గరికి వెళ్లి గడ్డం తీయించుకుని, ఇంటికొచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. పిల్ల గడ్డం లేని ముఖాన్ని గుర్తుపట్టక ఏడ్చింది. ఏడ్చినా దించలేదు.

శుక్రవారం అన్నప్రాశన. మేడలోవాళ్లంతా వచ్చారు. కమలాంబ పీట మీద ముగ్గు తీర్చింది. రంగనాథం నేతి అన్నం ఉంగరపు వేలితో తీసి ప్రణతి నాలుక మీద రాశాడు. పిల్ల చప్పరించి, ఆ వేలిని పట్టుకుని పంటితో గట్టిగా నొక్కింది. ఆయన లాక్కోలేదు. అది వదిలేదాకా అలాగే కూర్చున్నాడు.

"దీక్ష ఫలించింది" అంది కమలాంబ.

వచ్చినవాళ్లు వెళ్లాక శ్రీప్రియ పళ్లాలు తీస్తూ అడిగింది. ఆమె గొంతులో అంతా గౌరవమే.

"ఇప్పుడు ముగిసింది గదా మామయ్యా. ఏ స్వామికి మొక్కినారో చెప్పండి. బిడ్డను తీసుకుపోయి మేము కూడా దణ్ణం పెట్టుకోవాల."

శ్యామ్ కూడా తల ఎత్తి చూశాడు. రంగనాథం చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలే తుడుచుకున్నాడు.

"ఈ మాట అడగడం ఇదే ఆఖరు. నువ్వు అడగకూడదు, వాడు అడగకూడదు, రేపు ఈ బిడ్డ పెరిగి అడగకూడదు. అడిగిన పూట నేను ఈ ఇంట్లో నీళ్లు తాగను. చెప్పను. చచ్చేలోపల చెప్పను."